గురువమ్మ దొండకొమ్మ

గోల్ ఘర్ పేటలో నా గది మేడ మీద. ముందు చిన్న బాల్కనీ ఉంది. అక్కడ కుర్చీ వేస్తే మొక్కలకు చోటుండదు, అందుకని కుర్చీ వేయలేదు. చేపల మార్కెట్లో పారేసిన థర్మోకోల్ పెట్టెలు తెచ్చి, ఉప్పు పోయేదాకా కడిగి, మట్టి నింపాను. పడవ మీద వేటకెళ్లడం మానేశాక వల ఊరికే పడి ఉండేది. దాన్ని కప్పు నుంచి కిందికి కట్టాను. దొండతీగ దాన్ని పట్టుకుని పైదాకా పాకింది.

ఆ తీగ గురువమ్మ పాదులోంచి వచ్చింది. ఆవిడ అప్పుడు పక్క సందులో ఉండేది. ఆవిడా, నేనూ, ఓడ ఇంజన్ రూంలో పనిచేసి రిటైరైన తిరుమలరావూ ఆదివారం పొద్దున్నే పార్కుకి వెళ్లేవాళ్లం. ఎవరింట్లో ఏది పూసింది, దేన్ని నత్తలు తినేశాయి, ఇవే కబుర్లు. వాళ్లిద్దరూ మాట్లాడేవారు. నేను వినేవాణ్ణి.

మాలో ఒక పద్ధతి ఉంది. పెద్దవాళ్లు సముద్రం దాటి ఈ దీవులకు వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నది. కొమ్మను చేతికి ఇవ్వకూడదు. పాదు ఉన్నవాడు వెనక్కి తిరిగి నిలబడాలి. కావలసినవాళ్లు తమ చేత్తో విరుచుకోవాలి. ఆ కాసేపూ ఇద్దరిలో ఎవరూ నోరు విప్పకూడదు. విప్పితే కొమ్మ బతకదు. నాకు ఏ ఇబ్బందీ లేని పద్ధతి.

కూతురు సాయిలక్ష్మికి ఓడ మీద వెళ్లాల్సిన హట్‌బేలో ఉద్యోగం రాగానే గురువమ్మ కూడా అక్కడికి వెళ్లిపోయింది. సందులో ఆవిడ పాదును కొత్తగా వచ్చినవాళ్లు పీకేశారు. వెంట తీసుకెళ్లిన మొక్క కొన్నాళ్లు బాగానే ఉందట. ఒకరోజు ఫోన్ చేసింది.

"బావా, నా దొండ పోయింది. ఉప్పుగాలికి మాడిపోనాది. నీ పాదులోది ఓ కొమ్మ తుంచి ఓడోళ్ల సేతికియ్యి." మాకు చుట్టరికం ఏమీ లేదు. ఆవిడే అలా పిలుస్తుంది.

"చేతికివ్వకూడదు కదా," అన్నాను.

"అయితే నానే రావాలేటి?"

"ఆఁ."

పక్కన కూర్చున్న తిరుమలరావు నా మీద లేచాడు. "అరే లోకనాథం భయ్యా! ఓడలో కోళ్లెక్కుతన్నాయి, స్కూటర్లెక్కుతన్నాయి. కొమ్మ ఎక్కదేటి? కళ్లు సరిగ్గా కనబడని మనిషిని సముద్రం మీద తిప్పుతావా?"

నేను మొక్కలకు నీళ్లు పోశాను. కొమ్మ చేరిపోతే ఇక ఆవిడకు ఇక్కడికొచ్చే పని ఉండదు. ఆ మాట అతనికి చెప్పలేదు.

వానలు తగ్గాక, కంటి పరీక్ష ఉందని గురువమ్మ వచ్చింది. పొద్దున ఫీనిక్స్ బే జెట్టీలో దిగింది. సాయంత్రం ఓడకే తిరుగు టికెట్. చిక్కిపోయింది. నేను సంచీ అందుకుని చూస్తూ నిలబడ్డాను.

"ఏటి బావా, ఆకు మీద నత్తని సూసినట్టు సూస్తావు?" అంది.

ఆస్పత్రిలో కళ్లల్లో మందు వేశారు. అంతా మసకగా ఉందంది. అయినా పార్కు చూడాలంది. దారి పొడుగునా కబుర్లే. హట్‌బేలో పెయింటు డబ్బాలో పుదీనా వేసిందట. పాడైన కూలర్ తొట్టిలో తోటకూర కోతకొచ్చిందట. నత్తలు రాకుండా చుట్టూ బూడిద పోస్తే, సాయిలక్ష్మి అది తుడిచేసిందట.

పార్కులో తిరుమలరావు ఒక్కో మొక్క పేరూ చెప్పబోయాడు.

"నిన్నెవుడు అడిగాడు? బావని సెప్పమను."

"మందారం," అన్నాను. "ఎర్రది."

"ఇంకా?"

"నందివర్ధనం."

"ఇంకా?"

"నత్తలు."

ఆవిడ నవ్వింది. పువ్వు దగ్గరికెళ్లి రేకులు వేళ్లతో తడుముతుంటే అవతలినుంచి మాలీ అరిచాడు. "దీదీ! ఫూల్ మత్ తోడో!"

"తెంపట్లేదు బాబూ. సూస్తన్నాను," అంది.

ఎండ వాలాక నా గదికి వచ్చాం. తిరుమలరావు కింద ఆటో దగ్గర ఆగిపోయాడు. గురువమ్మ తీగను తడుముతూ వలను పట్టుకుంది.

"నీ వలేనా?"

"ఆఁ."

"సేపలకన్నా దొండకాయలే ఎక్కువ పడుతున్నట్టున్నాయి."

కింద నుంచి తిరుమలరావు ఆవిణ్ణి కేకేశాడు. "అప్పా! టైమ్ హో గయా! నీకోసం ఓడ ఆగదు!"

నేను వెనక్కి తిరిగి, తలుపు వైపు నిలబడ్డాను. ఆవిడ గాజులు వలకు తగులుతున్నాయి. వేళ్లు కణుపు కోసం వెతుకుతున్నాయి. కొమ్మ విరిగిన చప్పుడు వినిపించింది. అది చీరకొంగులో చుట్టుకుని మెట్లు దిగితే అయిపోయేది.

"మళ్లీ ఎప్పుడొస్తావు?" అన్నాను.

గాజుల చప్పుడు ఆగింది.

"మాటాడీసావు," అంది గురువమ్మ.

తిరిగి చూశాను. కొమ్మ ఆవిడ చేతిలో ఉంది. కోపంగా లేదు. "ఇన్నేళ్లూ నోరిప్పనోడివి. ఇప్పుడే దొరికిందేటి?"

"ఇంకోటి తీసుకో," అని మళ్లీ తలుపు వైపు తిరగబోయాను.

"ఒద్దు. ఓ పాలి సెడిందంటే ఆ పూటకి అంతే." కొమ్మను పెట్టె అంచు మీద పెట్టింది. "ఇది బతకదు. నాను మళ్లీ రావాల. మా అమ్మి సాయిలక్ష్మి ఓడెక్కనివ్వాల గదా మరి."

జెట్టీలో తిరుమలరావు ఆవిడ చేతులు చూశాడు. "కొమ్మేదప్పా?"

"మీ భయ్యా సంపీసాడు," అని ఓడెక్కింది. రెయిలింగ్ దగ్గర నిలబడి చెయ్యి ఊపింది, నేనున్న వైపు కాదు, కొంచెం పక్కకి. ఆ కళ్లతో ఎక్కడని వెతుకుతుంది. ఆవిడ చెయ్యి ఊపిన చోటికి జరిగి నిలబడ్డాను.

ఇంటికొచ్చాక ఆ కొమ్మను ఒక పెట్టెలో గుచ్చాను. ఎందుకో పారేయబుద్ధి కాలేదు.

అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. తోటకూర సంగతులన్నీ అయ్యాక అడుగుతుంది. "ఆ కొమ్మ బతికిందేటి బావా?"

"తెలీదు," అంటాను.

"సరే. పోయిందనే అనుకుంటాను. మరి రావాల," అంటుంది. ఎప్పుడో చెప్పదు.

నిన్న నీళ్లు పోస్తుంటే కణుపు దగ్గర వడ్లగింజంత చిగురు కనిపించింది. అంతలో మెట్ల మీద తిరుమలరావు దగ్గు వినిపించింది. పెట్టెను గోడవైపు తిప్పి పెట్టాను.