ఎండకు దొరకని పింజరలు

పాముల విషం తీసే కేంద్రంలో వాటి ఆలనాపాలనా చూసే ఆవిణ్ణి అందరూ పెట్టెలక్క అనేవారు. మొత్తం ఇరవై పెట్టెలు ఆవిడ చేతిమీదే నడిచేవి. ఎనిమిదింటిలో చల్లటి కొండ అడవుల పింజరలు, పన్నెండింటిలో ఇసుక నేలల పింజరలు. వాటి విషంతోనే పాముకాటుకు మందు తయారయ్యేది.

ఆ వేసవిలో ఒక మిట్టమధ్యాహ్నం పాముల గదిలో ఏసీ ఆగిపోయింది. ఫోన్ చేస్తే మెకానిక్కు, "సాయంత్రం ఆరు దాటాకే వస్తానండీ" అని చావు కబురు చల్లగా చెప్పాడు. గోడమీది థర్మామీటరు అప్పటికే ముప్ఫై నాలుగు చూపిస్తోంది.

పెట్టెలక్క నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లింది. ఇక ఏసీ ఉన్నది అక్కడే.

"సార్, కొండ పింజరలు వేడికి ఆగవు. ఎనిమిది పెట్టెలూ ఇక్కడ పెడతాను."

"పాములా? నా గదిలోనా?"

"గడియ వేసిన పెట్టెలే. మీరు వరండాలో కూర్చోండి."

ఆయన నోరు తెరిచేలోగా మొదటి పెట్టె బల్లమీదికి వచ్చేసింది. ఎనిమిదోది పెట్టేసరికి గదిలో కాలు పెట్టే చోటు లేదు.

"మరి మిగతావి?" అన్నాడాయన.

"ఇసుకలో పుట్టి పెరిగినవి. వాటికి ఎండ ఓ లెక్కా?" అంది.

గంట తర్వాత వెళ్లి చూసింది. థర్మామీటరు నలభై దగ్గరుంది. ఇసుక పింజరలు నోళ్లు తెరుచుకుని పెట్టె గోడల వెంట పిచ్చిగా తిరుగుతున్నాయి. మూడు మాత్రం కదలడం లేదు. ఇనుప కొంకితో వాటిని వెల్లకిలా తిప్పితే, ఏ ఒక్కటీ తనంతట తాను బోర్లా తిరగలేకపోయింది.

వాటిని పట్టి తెచ్చింది ఆవిడ మేనమామ. వెంటనే ఆయనకు ఫోన్ చేసింది.

"మామా, ఇసుక పింజరల్ని ఏ వేళప్పుడు పట్టేవాడివి?"

"తెల్లారుజామునో, పొద్దుగూకాకో. మధ్యాహ్నం ఒక్కటీ కనపడేది కాదు తల్లీ. ఎలక బొరియల్లో లోతుగా చల్లగా పడుకునేవి. ఎండను ఓర్చుకోవడం కాదే పిచ్చిదానా, ఎండకు దొరక్కపోవడమే వాటి గొప్ప. ఏం, ఏమైంది?"

"తర్వాత చెప్తా."

పెట్టెలో బొరియ ఎక్కడిది? పారిపోయే దారి తనే మూసేసింది. ఏడుపొచ్చింది కానీ ఏడిచే తీరిక లేదు. కట్టడం కింద నీళ్ల పంపు ఉండే నేలమాళిగ గుర్తొచ్చింది. పద్దెనిమిది మెట్లు, పన్నెండు పెట్టెలు, ఒక్క మనిషి.

"సార్, పట్టండి!" అని అరిచింది.

మేనేజరుకు తలప్రాణం తోకకొచ్చింది. అయినా వచ్చాడు.

"ఈ గడియ గట్టిదేనా అక్కా?"

"గట్టిదే సార్. పెట్టె మాత్రం పడనివ్వకండి."

ముందు కదలని మూడింటినీ దించారు. తర్వాత మిగతావి. కింద ఇరవై తొమ్మిది డిగ్రీలే ఉంది. పెట్టెలక్క గోనెపట్టాలు తడిపి పెట్టెలమీద కప్పి, తడి నేలమీదే చతికిలబడి చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి రెండు పింజరలు మెల్లగా బోర్లా తిరిగాయి. మూడోది, అన్నిటికన్నా పెద్ద ఆడది, ఇక తిరగలేదు.

"పోన్లే అక్కా, ఒక్కటేగా పోయింది" అన్నాడు మేనేజరు.

"అది వేడికి పోలేదు సార్. నాకు తెలుసనుకున్నాను చూడండి, దానివల్ల పోయింది."

సాయంత్రం మెకానిక్కు వచ్చి ఏసీ బాగుచేశాడు. కొండ పింజరలు తమ గదికి చేరాయి. ఇసుకవాటి జోలికి మాత్రం ఆవిడ ఎవర్నీ రానివ్వలేదు.

"ఇవి ఇక కిందే ఉంటాయి. పెట్టె పెట్టెకూ లోపల దూరి పడుకోవడానికి ఒక మట్టి గొట్టం కావాలి."

"పైవాళ్లకి రాయాలి కదా!"

"రాయండి. జవాబు వచ్చేదాకా ఒక్క పెట్టె కూడా మెట్లెక్కదు."

ఆయన ఆ పూటే రాశాడు. జవాబు రావడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. అన్నాళ్లూ ఆవిడ మోకాళ్లు పట్టేస్తున్నా, పూటకు మూడుసార్లు ఆ మెట్లు దిగి పట్టాలు తడిపి వచ్చింది. మట్టి గొట్టాలు దిగిన రోజున మాత్రం, పింజరలన్నీ వాటిలోకి దూరి కనపడకుండా పోయేదాకా పైకి రాలేదు.