తోడు కూర్చున్నవాడు

కైలాసం మళ్లీ తాగుతున్నాడన్న సంగతి మిర్యాలగూడలో తనకూ, రైలు స్టేషన్ వెనక సారా దుకాణం వాడికీ తప్ప మూడో మనిషికి తెలియదు. కైలాసం నమ్మకం అది. నోట్లో ఎప్పుడూ ఒక లవంగం, దవడన తమలపాకు. రైస్ మిల్లులో బస్తాలు మోసే హమాలీలకు అతను మేస్త్రీ. అంతకంటే ముందు, సారా మానిన మొనగాడు. మిల్లు ఆడవాళ్లు మొగుళ్లను తిట్టాల్సి వచ్చినప్పుడల్లా "కైలాసమన్నను సూసి బుద్ధి తెచ్చుకో" అనేవారు. ఆ మాట చెవిన పడితే కైలాసానికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. అయితేనేం, సాయంత్రమయ్యేసరికి కాళ్లు స్టేషన్ వైపే లాగేవి.

మానింది మాత్రం అబద్ధం కాదు. పెన్‌పహాడ్ దగ్గరి తండా నుంచి వచ్చి మిల్లులో కావలి కాసిన తావుర్యా మాన్పించాడు. తావుర్యా వాళ్లు హోలీకి భంగు తాగుతారు. ఆ భంగునే అతను సారా మాన్పించడానికీ వాడేవాడు. మానాలనుకున్నవాడు పొద్దుటి నుంచీ ఏమీ తినకుండా ఉండి, ఎందుకు మానాలనుకుంటున్నాడో పైకి చెప్పి, భంగు తాగాలి. సారా మానినవాడొకడు చేయి పట్టుకుని పక్కన కూర్చోవాలి. భంగు ఎక్కాక లోపల దాచుకున్నవన్నీ కళ్లముందుకొస్తాయి. భయమేసి మనిషి లేచి ఎటో పరిగెత్తబోతాడు. "ఎవరూ?" అంటే "నేనే, ఈడనే ఉన్న" అనాలి. చేయి వదలకూడదు. ఆ తర్వాత వాళ్లింటికి పోయి, "నేను సూసిన, నాది పూచీ" అని చెప్పి రావాలి. అందరికీ కుదిరిందని కాదు, కొందరు మళ్లీ దుకాణం మెట్లెక్కారు. కాలువ నీళ్లొచ్చి తావుర్యా సేద్యానికని తండాకు వెళ్లిపోయాక, మిల్లులో తోడు కూర్చునే పని కైలాసానిదయింది.

అలాంటివాడు మళ్లీ ఎందుకు మొదలుపెట్టాడయ్యా అంటే, చెప్పుకోదగ్గ కారణమన్నా ఉంటే బాగుండును. ఇంట్లో చావు లేదు, పంటలో నష్టం లేదు. వానలో లారీ దించిన రోజు డ్రైవరు గ్లాసు చాపాడు, ఇతను అందుకున్నాడు. ఛీ, అంతే.

మత్తయ్య వచ్చి అడిగింది సరిగ్గా ఆ రోజుల్లోనే. మత్తయ్య అదే ముఠాలో హమాలీ. అతని తాగుడు భరించలేక పెళ్లాం రేణుకమ్మ కూతుర్ని తీసుకుని హుజూర్‌నగర్‌లో పుట్టింటికి వెళ్లిపోయింది.

"అన్నా, రేణుక కబురంపింది. కైలాసమన్న వచ్చి పూచీ అంటేనే వస్తదట. లేకుంటే ఈ జన్మల రాదట. ఐతారం నాకు తోడు కూసుంటవా?"

"నేనా? ఇంకెవరినన్న అడుగరాదూ."

"ఇంకెవరున్నరే నాకు? నిన్ను సూసే గదా ఈ మాత్రం ధైర్యం."

కైలాసం సరేనన్నాడు. కాదంటే ఎందుకని అడుగుతాడు, ఎందుకో చెప్పాలి. ఆ ఒక్క రోజూ ముట్టకుంటే సరి అనుకున్నాడు.

ఆదివారం పొద్దున లేచేసరికి చేతులు గడగడలాడుతున్నాయి. ఈ చేతులతో వాడి చెయ్యేం పట్టుకుంటాను, ఇట్టే తెలిసిపోదూ అనుకున్నాడు. వణుకు ఆగడానికి ఒక్క గుక్క చాలనుకున్నాడు. మిల్లుకు పోయి బాయిలర్ వెనక నిలబడి సీసా సగం చేశాడు. తనను తాను బండబూతులు తిట్టుకుంటూ లవంగాలు కొరికాడు.

మిల్లుకు సెలవు. ఊక కొట్టంలో గోనెలు పరుచుకుని మత్తయ్య అప్పటికే కూర్చుని ఉన్నాడు. కైలాసం వంగి పక్కన కూర్చోగానే అతని ముఖంలోకి ఒకసారి చూశాడు. భంగు గ్లాసు దగ్గరికి జరుపుకున్నాడు.

"ఎందుకు మానుతున్నవో చెప్పు" అన్నాడు కైలాసం.

"నేనింటికొస్తే నా బిడ్డ తలుపెనక దాసుకుంటది. గా భయం పోవాలె." మత్తయ్య గ్లాసు ఎత్తి గడగడా తాగేశాడు.

ఎండ రేకుల మీదికొచ్చేసరికి భంగు పని మొదలుపెట్టింది. మత్తయ్య ముందు పకపకా నవ్వాడు. తర్వాత బిగుసుకుపోయాడు.

"ఎవరూ?"

"నేనే, ఈడనే ఉన్న."

"నేను చిన్నగైపోయినన్నా. తలుపెనక ఉన్న. ఎవడో పెద్దోడు ఇంట్లకొస్తుండు. అన్నా, వాడు నేనే!"

"భయపడకు. మంచిగ సూడు." తన గొంతులో ఆ పెద్దరికం విని కైలాసానికి తనమీద తనకే అసహ్యం వేసింది. పైన రేకుల ఉక్క, కడుపులో సారా. రెప్పలు వాలిపోతున్నాయి. జరసేపు మూసి తెరుద్దామనుకున్నాడు.

తెరిచేసరికి ఎండ అవతలి గోడ మీదికి పోయింది. మిల్లు వెనకే నిండు కాలువ. "మత్తయ్యా!" అని కేకేసి లేవబోయాడు.

"అరువకు, ఈడనే ఉన్న" అన్నాడు మత్తయ్య పక్క నుంచి. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది. అతని తువ్వాల మడత పెట్టి కైలాసం తలకింద ఉంది. కైలాసం చెయ్యి అతని రెండు చేతుల మధ్య ఉంది.

"ఎంతసేపైంది?"

"మస్తు సేపు. ఎవరూ అంటే గుర్రు పెట్టినవ్. కాల్వల దుంకుదామనిపించిందన్నా. దుంకితే నువ్వు లేచి ఏమైపోతవో అని నీ చెయ్యి పట్టుకుని కూసున్న."

"మత్తయ్యా, నేను పొద్దున..."

"ఎరుకే. వంగినప్పుడే వాసన కొట్టింది. ఇన్నేండ్లు తాగినోన్ని, నా దగ్గర దాస్తవా?"

"ఎరుకై గూడ భంగు తాగినవా?"

"మరేం జేయాలె? రేణుక ఎన్ని రోజులాగుతది?" మత్తయ్య తల దించుకున్నాడు. "ఈ ముచ్చట ఆమెకు చెప్పకన్నా. సూసిన, పూచీ అను. నీ కాళ్లు మొక్కుత. నా బిడ్డ నాకు కావాలె."

తిట్టినా బాగుండేది. నాలుగు తన్నినా బాగుండేది. కాళ్లు మొక్కుతానన్నాడు, ఆ మాటే కైలాసం లోపల ముల్లయి కూర్చుంది. ఆ వారమంతా మత్తయ్య సారా ముట్టలేదు. కైలాసం తాగాడు. ఆ సిగ్గు మరిచిపోవడానికే తాగాడు, అయినా మరిచిపోలేదు.

మరుసటి ఆదివారం ఇద్దరూ హుజూర్‌నగర్ బస్సెక్కారు. రేణుకమ్మ వాకిట్లోనే ఎదురుచూస్తోంది. పిల్ల తలుపు వెనకే ఉంది.

"అన్నా, నీ నోటితోని చెప్పు. నువ్వు సూసినవా?"

మత్తయ్య ఊపిరి బిగబట్టాడు. కైలాసం "సూసిన" అన్నాడు. రేణుకమ్మ ముఖం విచ్చుకుంది. "బిడ్డా, బట్టల సంచి తే" అంటూ లోపలికి తిరిగింది. ఆ సంతోషం చూడలేకపోయాడు కైలాసం. పచ్చి అబద్ధాన్ని నమ్మి ఆడమనిషి సంచి సర్దుకుంటోంది.

"ఆగు చెల్లే. నేను సూడలే. తాగొచ్చి పండుకున్న."

ఇక దాచలేదు. సీసా సంగతి, నిద్ర సంగతి, వారమంతా తాగిన సంగతి అంతా కక్కేశాడు.

"ఖతం జేసినవ్ గదన్నా" అంటూ మత్తయ్య అరుగు మీద కూలబడ్డాడు. నిజం చెప్పి తన మనసు తేలిక చేసుకుని, వీడి కొంప కూల్చానా అని కైలాసం నిలువునా నీరైపోయాడు.

రేణుకమ్మ గడప దగ్గర నుంచి వెనక్కి వచ్చింది.

"మరి ఆ పొద్దు ఈయనను ఎవరు కనిపెట్టుకున్నరు?"

"ఎవ్వరు లేరు."

"ఎవ్వరు లేకున్నా ఎటూ పోలే?"

"పోలే. నా తలకింద తువ్వాల వెట్టి, నాకే కావలి కూసున్నడు. ఈ వారం గూడ ముట్టలే."

రేణుకమ్మ మొగుడి వైపు చూసింది. కళ్లు తుడుచుకుంది. "పక్కన ఎవ్వరు లేకుంటే ఈయన ఏమైతడో అనే గదా నా భయమంత. ఇగ నీ పూచీ నాకెందుకన్నా?" అని సంచి తెచ్చి మత్తయ్య చేతికిచ్చింది.

కైలాసానికి ప్రాణం లేచొచ్చింది. దండం పెట్టి వెనక్కి తిరిగాడు.

"ఆగన్నా. వదినకు ఎరుకనా?"

కైలాసం ఆగిపోయాడు. పెళ్లాం భాగ్యవతికి తెలియదు. నిన్నటికి నిన్న కూడా మొగుడి నోట్లో లవంగం వాసన బాగుంటుందని నవ్వింది.

"ఎరుకలేదు."

"నాకు చెప్పుడు అల్కనే అన్నా, నేను పరాయిదాన్ని. ముందుగాల ఆమెకు చెప్పు. అప్పటిదాంక మా గడప తొక్కకు."

"తొక్కను చెల్లే" అన్నాడు కైలాసం. మత్తయ్య ఏదో అనబోయాడు, రేణుకమ్మ కళ్లతోనే ఆపింది.

మిర్యాలగూడ బస్సు వచ్చింది. వాళ్లు వెనక బస్సుకు వస్తామన్నారు. కైలాసం ఒక్కడే ఎక్కాడు. కండక్టర్ ఎక్కడికని అడిగితే, "ఇంటికి" అన్నాడు.