బడి వదిలాక

ఇలాంటి ఆదివారాలు మీరూ చూసే ఉంటారు. పొద్దున్నే ఒక ఇరుకు వాటాలోకి సేవాసంఘం వాళ్ళు పదిమంది దిగారు. రంగు డబ్బాలు, నిచ్చెన, చీపుళ్ళు, ఒక కెమెరా. ఆ ఇంటి ఇల్లాలు పోయి ఎన్నాళ్ళో కాలేదు. మామూలు జ్వరమే అనుకున్నారు, అదే తీసుకుపోయింది. మిగిలింది అట్టపెట్టెల ఫ్యాక్టరీలో కోత మిషను నడిపే భర్త, ఒకటో తరగతి చదివే కూతురు.

"అన్నా, గోడలకు నీలం వేస్తాం. బాగుంటుందా?" అన్నాడు జట్టు నాయకుడు.

"సరే."

"ఈ పాత పరుపు పారేద్దామా?"

"సరే."

భార్య పోయినప్పటి నుంచి అతనికి దేనిమీదా అవుననీ లేదు, కాదనీ లేదు. మనసు మొద్దుబారిపోయింది. మిన్ను విరిగి మీద పడుతోందన్నా తల పక్కకు జరిపేవాడు కాదు. మొన్న వదిన, అంటే భార్య అక్క, వచ్చి "పిల్లను నేను పెంచుకుంటాను మరిదీ. ఆదివారం సాయంత్రం వస్తా, బట్టలు సర్ది ఉంచు" అంటే దానికీ సరేనన్నాడు. అన్నాక వెనక్కి తీసుకునే ఓపిక కూడా లేకపోయింది.

సంఘం వాళ్ళ కష్టాన్ని తక్కువ చేయకూడదు. చెమటలు కక్కుతూ పనిచేశారు. గిన్నెలన్నీ తోమి ఎక్కడో పై అరలో సర్దారు.

"కుంచె పట్టుకుని ఇలా నిలబడన్నా. కొంచెం నవ్వు."

అతను పెదాలు జరిపాడు.

"పళ్ళ డాక్టరుకు చూపిస్తున్నట్టున్నాడ్రా!" అని ఒకడు గొణిగితే పక్కవాడు కిసుక్కుమన్నాడు.

జట్టులో చిన్న కుట్టుపని కొట్టు పెట్టుకుని బతికే ఒక మామ్మ ఉంది. నేల తుడిచి తుడిచి మోకాళ్ళు సహకరించక గడప దగ్గర కూలబడింది. పక్కనే పిల్ల ఒక అట్టపెట్టెలో గౌన్లు పేరుస్తోంది.

"ఎక్కడికే బంగారూ ప్రయాణం?"

"పెద్దమ్మ వాళ్ళింటికి. ఇంక అక్కడే ఉండాలంట. అక్కడ ఒక్క మంచమే ఖాళీ. అందుకని నాన్న రాడు."

మామ్మ తలెత్తింది. "ఏమయ్యా, పిల్లను ఎందుకు పంపించేస్తున్నావు?"

దానికి సరే అంటే చాలదు. అతను కుంచెను డబ్బాలో పెట్టాడు.

"బడి మధ్యాహ్నమే వదిలేస్తారు. నా షిఫ్టు సాయంత్రం గానీ అవదు. ఇన్నాళ్ళూ ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చోబెట్టాను. ఇంకోసారి పిల్ల కనిపిస్తే పనిలోంచి తీసేస్తామన్నారు. చేతులు మిషను మీద, కళ్ళు గేటు మీద. చెయ్యి తెగితే ఎలాగూ ఇద్దరం రోడ్డు మీదే. ఆ కాసేపు చూసేవాళ్ళుంటే పంపను."

"మరి ఈ మాట చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదు. ఏ రంగని అడిగారు."

మామ్మ తన వైపు చూసేసరికి నాయకుడు తల గోక్కున్నాడు. "రోజూ అంటే కష్టం మామ్మగారూ. ఆదివారమైతే ఎంతమందినైనా దింపుతాం."

"ఆదివారం వాళ్ళ నాన్న ఇంట్లోనే ఉంటాడు గదయ్యా! మిగతా రోజుల మాటేంటి?"

అంతమందిలో ముందుకొచ్చింది ఒక్కడే. జట్టులోని మెకానిక్కు నిచ్చెన దిగుతూ అన్నాడు: "వారంలో రెండ్రోజులు మా ఆవిడ చూసుకుంటుంది."

"మీ ఆవిణ్ణి అడిగావా?"

"అడిగి చెప్తా."

"అడుగు," అని మామ్మ పిల్ల తండ్రి వైపు తిరిగింది. "మిగతా రోజులు నా కొట్టుకు పంపు. బడి పక్క సందే."

సాయంత్రం వదిన వచ్చింది. "పెట్టె తీసుకురావే అమ్మలూ, పోదాం."

"పంపను వదినా."

"అదేంటి? మొన్న సరేనన్నావుగా!"

"అన్నాను. పంపను." గొంతులో కోపం లేదు, సంతోషమూ లేదు. ఉన్నది ఆ మాట ఒక్కటే.

బడి వదిలాక పిల్లను తాను చూసుకుంటానని మామ్మ చెప్పింది. వదిన ఆవిడ వైపు తిరిగింది. "ఈవిడ నాలుగు రోజులు చూసి మానేస్తే?"

"మానేస్తే నా కొట్టు ముందు నిలబడి తిట్టిపోమ్మా. వీధంతా వింటుంది."

వదిన చాలాసేపు సణిగింది. సణుగుతూనే నేలమీద కూర్చుని పెట్టెలోంచి గౌన్లు ఒక్కొక్కటే తీసి మడతపెట్టి పిల్ల చేతికిచ్చింది.

వెళ్ళేముందు అందరూ కలిసి ఒక ఫొటో దిగుదామని నాయకుడు పిలిచాడు. మామ్మ లేవలేదు.

"నాయనా, ఇంకో ఇంటికి వెళ్ళినప్పుడు ముందు కూర్చుని వాళ్ళకేం కావాలో అడగండి. అడిగాక, మీకు తీరిక లేని రోజున కూడా అది చేయండి. దాన్నే సేవ అంటారు."