అంకుల్ కథలో చివరి అరపేజీ

నేను అద్దెకుండే బేస్‌మెంట్ ఓనరు వీరభద్రరావు అంకుల్ కథలు రాస్తారు. కథలో ఎవరు ఏం చేసినా సరే, చివర్లో అందరికీ కలిపి క్లాసు పీకుతారు. తెలుగు టైపింగ్ వచ్చన్న పాపానికి కెనడాలో మా ఊరు గ్వెల్ఫ్‌లోని తెలుగువాళ్లు నన్ను ఉగాది సంచికకి ఎడిటర్‌ని చేశారు. మొదట నా చేతికొచ్చిన కథ ఆయనదే.

అది 2023. విమానాల నిండా స్టూడెంట్లు దిగుతున్నారు. ఊళ్లో గది దొరకడం గగనమైపోయింది. నా క్లాస్‌మేట్ సాత్విక ఇంకా ఎవరి హాల్లోనో పరుపేసుకుని పడుకుంటోంది. నాకు మాత్రం ఇక్కడ వెచ్చని గది, ఆదివారం ఆంటీ చేతి పప్పుచారు. బుద్ధున్న పిల్లయితే ఓనరు కథలో కామా కూడా ముట్టుకోదు.

కానీ నా ఎలెక్టివ్ కొరియన్ సాహిత్యం. మార్కులు సులువని తీసుకుని, ఇష్టపడిపోయాను. వందేళ్ల కిందట అక్కడి పత్రికల్లో కథ ఎలా రాయాలో రచయితలే పాఠాలు రాసేవారట. అవి చదివిన కుర్రాళ్లు కథలు రాసి పంపేవారట. నీతి చెప్పే కథ మనిషిని చూపే కథగా మారడంలో ఆ పాఠాలకీ వాటా ఉందని ప్రొఫెసర్ చెప్పింది. కథ రాయడం కూడా ఒకరు నేర్పితే వస్తుందా అని నవ్వాను. తర్వాత అంకుల్ కథ చదివాను.

కథ బాగుంది! నాకు ఒళ్లు మండింది అందుకే. ఈ దేశానికి కొత్తగా వచ్చిన భర్త ఆఫీసు పనిలో పడి, మంచులో బస్టాపు దగ్గర ఎదురుచూస్తున్న భార్యని మరిచిపోతాడు. చీకటి పడ్డాక గుర్తొచ్చి, కారేసుకుని పరుగెడతాడు. ఆమె కారెక్కి, తడిసిన గ్లవ్స్ హీటరు ముందు పెట్టి, "ఆకలేస్తోందా?" అని అడుగుతుంది. అక్కడ ఆగొచ్చుగా? "కావున భర్తలందరూ..." అని మొదలెట్టి, మన సంస్కృతి గురించి అరపేజీ సాగదీశారు.

ఆ అరపేజీ తీసేసి, ప్రింటు పట్టుకుని పైకి వెళ్లాను.

"నా కథకి తల తీసేశావేంటమ్మా?"

"తోక తీశా అంకుల్. కొరియావాళ్లు ఈ పాఠం ఎప్పుడో నేర్చుకున్నారు."

"కొరియావాళ్ల గొడవ నాకెందుకు? నా ఇంట్లో ఉంటూ నా కథే కోసేస్తావా?"

సాత్విక పరుపు నా కళ్లముందు కనపడింది. అయినా నోరు ఊరుకోలేదు. "ఒకసారి ఆంటీకి చదివి వినిపించండి. అర్థం కాలేదంటే మళ్లీ పెట్టేస్తా."

బాలత్రిపురసుందరి ఆంటీ వంటింట్లో చిక్కుళ్లు ఒలుస్తోంది. ఆయన కథలు ఆమె ఎప్పుడూ "కావున" వరకే వింటుంది, తర్వాత కుక్కరు చూడాలని లేస్తుంది. అంకుల్ విసురుగా చదివి, "ఆకలేస్తోందా?" దగ్గర ఆగారు.

ఆంటీ లేవలేదు. చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది.

"నేనన్న మాట మీకు గుర్తుందా?"

"ఉంది."

"ఆ రోజు ఒక్క మాటన్నా అనలేదు మీరు. మర్చిపోయారనుకున్నాను ఇన్నాళ్లూ."

అంకుల్ గొంతు సవరించుకున్నారు. "అదికాదు సుందరీ, దీని చివర ఇంకా ఉంది. భర్తలందరూ ఎలా మెలగాలో..."

"భర్తలందరి గొడవ నాకెందుకండీ? ఇది చాలు."

అంకుల్ కాగితాలు నా చేతిలో పెట్టి, వెళ్లి ఆంటీ పక్కన కూర్చుని చిక్కుళ్లు ఒలవసాగారు.