చేదు చూసే నాలుక

పప్పులో ఉప్పు మళ్ళీ ఎక్కువైందట. "మనుషులు తినేటట్టే లేదు," అని మా అత్త నాగమణమ్మ కంచం పక్కకు నెట్టింది. నా నాలుక ఎందుకిలా అయిందో ఆమెకు తెలియదా? తెలుసు. తెలిసే అంటుంది.

హైదరాబాద్ ఛత్రినాకలో మా ఇంటి ముందుగదిని గానుగ మిషన్ మింగేసింది. జ్యూస్ బండ్లవాళ్ళు పారేసే బత్తాయి గింజలను మా ఆయన వైకుంఠం బస్తాల్లో తెస్తాడు. ఆ గింజల నూనె తలకు రాసుకునేదైతే ఏ లొల్లీ ఉండేది కాదు. తినే నూనెగా అమ్మాలని ఆయన పట్టు. చేదు పోవాలంటే తెచ్చిన రోజే గింజలకంటిన గుజ్జు కడగాలి, ఆరబెట్టాలి, తెల్లపొట్టు వలవాలి. గానుగాడిన నూనెలో గోరువెచ్చటి ఉప్పునీళ్ళు కలిపి, అవి అడుక్కు దిగాక వేరుచేయాలి. ఇదంతా నా పనే. ఆపైన నాకి చూడడమూ నా పనే. చేదుంటే మళ్ళీ కడగడం, మళ్ళీ నాకడం. "నాకెందుకే, చాయ్ రుచి పోతది," అంటాడాయన. అత్తకేమో ఉపవాసాలు. ఈ ఇంట్లో చెడిపోయినా ఫరవాలేదనుకున్న నోరు నాదొక్కటే. మంచినీళ్ళు తాగినా చేదే. మొన్న అమ్మ పంపిన అరిసె కొరికి, బెల్లం తగలక, వంటింట్లో కూర్చుని ఏడ్చాను. అక్కకు చెబితే నవ్వింది. "కొట్టడు, తాగడు. ఇంకేం కావాలె ఆండాలూ నీకు?" అంది.

అయినా ఒక్క చేదు డబ్బాను కూడా గడప దాటనివ్వలేదు. నాకున్న పొగరు అదొక్కటే.

బోనాలనాడు వచ్చిన బస్తా కడగకుండా ఉండిపోయింది. ఇంటినిండా చుట్టాలు, నేను పొయ్యి దగ్గర. "జర గింజలు కడుగు," అన్నాను ఆయనతో. "పండుగ పూట నాతోని ఆడోళ్ళ పని చేయిస్తవా?" అని బయటికి వెళ్ళిపోయాడు. గుజ్జుతోనే ఎండిన ఆ గింజలను తర్వాత ఆయనే మిషన్లో పోశాడు. ఆ నూనెను ఎన్నిసార్లు కడిగానో!

ఈరోజు దాన్ని తీసుకెళ్ళడానికి అఫ్జల్‌గంజ్ నూనెల వ్యాపారి ఉజైర్ ఆటోలో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "మాల్ చేదుంటే ఇగ మీ గల్లీకే రాను, వైకుంఠం భాయ్," అని ముందే చెప్పాడు. ఉజైర్ కొననంటే మా గానుగ మూసుకోవాల్సిందే.

నేను చెంచా అందుకోబోతే మా ఆయన ఆపాడు.

"నీ నాల్క మొద్దువారింది. పప్పుల ఉప్పే తెలుస్తలేదు. ఇప్పటి సంది పిల్ల చూస్తది. చిన్న నాల్క, చేదును మస్తు పట్టుకుంటది."

"నేర్చుకోనీ. గీ పని ఎప్పటికైనా దానిదే గదా," అంది అత్త.

ఏడో తరగతి చదివే నా కూతురు ఉదయశ్రీ చెంచా పట్టుకుని నావైపు చూసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అది పెదవులకు తగిలేలోపే చెంచా లాక్కుని నేనే నాకాను. వేపాకు నమిలినంత చేదు. మొద్దుబారిన నా నాలుకకే అంత తెలిసింది. మొహం మాత్రం కదలనివ్వలేదు.

"ఎట్లుంది?" అన్నాడాయన.

"చేదు లేదు," అన్నాను. "డబ్బాలల్ల పొయ్యి."

ఆయన పోశాడు. అత్త మూతలు బిగించింది. ఇద్దరిలో ఒక్కరూ వేలు ముంచి నాకి చూడలేదు.