కీచుమనని చీజ్

ఆ రోజు చర్చి హాల్లో గాయెతాన్ బ్వాక్లేర్ నోరు మూసుకుని కూర్చుని ఉంటే, రెజాన్ బతుకు ఇలా అఘోరించేది కాదు. గాయెతాన్ పరాయివాడా అంటే కాదు, రెజాన్ భార్య సొలాంజ్‌కు స్వయానా అన్న. పందులు పెంచుతాడు. కెనడాకు యూరప్‌తో వ్యాపార ఒప్పందం కుదిరితే పన్నులు పోతాయనీ, తన పంది మాంసం పారిస్ దాకా పోతుందనీ, వాళ్ల చీజ్ ఇక్కడికొస్తే జనానికి రుచి తెలుస్తుందనీ ఊరందరి ముందూ ఊదరగొట్టాడు.

రెజాన్‌కు నది ఒడ్డున పొలం, కొన్ని ఆవులు, ఇంటి పక్క గదిలో చీజ్ పని. శుక్రవారం పొద్దున్న తీసిన పచ్చి చీజ్ ముక్కల కోసం ఊరు ఊరంతా గుమ్మం ముందు నిలబడేది. ఆ ముక్క కొరికితే పళ్ల కింద కీచుమనాలి. మర్నాటికి ఆ చప్పుడు చస్తుంది. చప్పుడు చచ్చిన ముక్కను క్యుబెక్‌లో ఎవడూ ముట్టడు. ఓడెక్కి వచ్చే ఏ చీజూ అలా కీచుమనలేదు. రెజాన్‌ను కాపాడేది అదొక్కటే. దాన్నే వదులుకున్నాడు.

“పిల్లకాయలు నమిలే ముక్కలు అమ్ముకుంటూ ఎన్నాళ్లుంటావు బావా? నువ్వూ వాళ్లలా బండి చక్రాల్లాంటి చీజ్ దిమ్మలు పోసి మాగబెట్టు. తీసుకెళ్లి వాళ్లకే అమ్ము,” అన్నాడు గాయెతాన్.

మాగే చీజ్ రెండేళ్లు అరల మీద పడి ఉంటుంది, అన్నాళ్లూ మనం ఏం తినాలని సొలాంజ్ అడిగింది. రెజాన్ వినలేదు. పొలం తాకట్టు పెట్టి నేలమాళిగ తవ్వించాడు. పాలన్నీ చక్రాలకే పోశాడు. శుక్రవారం వచ్చినవాళ్లను లేవని పంపేశాడు. కొన్నాళ్లు అడిగి, తర్వాత వాళ్లు పెట్రోలు బంకులో ఏదో ఫ్యాక్టరీ చీజ్ ముక్కల సంచులు కొనుక్కోవడం మొదలుపెట్టారు.

ఒప్పందం వచ్చింది. సూపర్‌మార్కెట్ అరల నిండా యూరప్ చీజే. గాయెతాన్ పందులు మాత్రం కదల్లేదు. పుట్టిన నాటి నుంచి వాటికి ఏం మేపారో రుజువు చూపమన్నారు అవతలివాళ్లు. ఆయన పాత కసాయి దుకాణాలకే అమ్ముకున్నాడు. ఆయనకు పోయిందేమీ లేదు.

మొదటి చక్రం కోసిన రోజు గాయెతాన్ ఒక ఫ్రాన్స్ ముక్క తెచ్చి పక్కన పెట్టాడు. ముగ్గురూ రెండూ తిని చూశారు.

“నీదే బాగుంది బావా, ఒట్టు. కానీ దాని ధర నీదాంట్లో సగం. మా ఇంట్లో కొనేదీ అదే.”

“మరి నన్ను చెయ్యమంటివే?”

“అంత చవగ్గా దిగుతుందని నాకేం తెలుసు? మళ్లీ ఆ ముక్కలే చేసుకో.”

“చేస్తాడులే అన్నయ్యా,” అంది సొలాంజ్. “బంకు ముందు నిలబడి అమ్ముతాడు. నువ్వు పక్కన గంట కొడుదువుగాని.”

రెజాన్ మళ్లీ చేశాడు. శుక్రవారం గుమ్మం తెరిచి కూర్చుంటే పొరుగింటి ముసలావిడ ఎర్మాన్స్ ఒక్కతే వచ్చింది. ఒక ముక్క నోట్లో వేసుకుని, తలదించుకుంది.

“బంకు దగ్గరవీ కీచుమంటున్నాయి నాయనా. ఏం చెప్పను?”

చక్రాలు టోకు వ్యాపారి అడిగిన ధరకు పోయాయి. అప్పు తీరలేదు. మంచు కరిగాక బ్యాంకువాళ్లు వచ్చి కొలిపించారు. ఇల్లు మిగిల్చారు. తాత చెట్లు కొట్టి చదును చేసిన నేల, నది నుంచి రోడ్డు దాకా సాగే సన్నటి పట్టీ మొత్తం పోయింది: తొంభై రెండు అర్పాన్లు, ఎకరాల్లో చెప్పాలంటే డెబ్బై ఎనిమిదికి కాస్త తక్కువ.