నాలుగు వేళ్ల వాలు

నేను ఒక ఇత్తడి గుండుని. తుపాకీ గుండుని కాదు, భయపడకండి! గోడ నిటారుగా లేచిందో లేదో చూడటానికి తాపీ మేస్త్రీలు దారం కట్టి వేలాడదీస్తారే, ఆ తూకం గుండుని. ఇత్తడి పనికి పేరుపడ్డ బుడితి ఊళ్లో ఒక కంచరి నన్ను పోత పోశాడు. గుడి గంట కోసం కరిగించిన ఇత్తడిలో కాస్త మిగిలితే నేనయ్యాను. గంటనైతే పొద్దస్తమానం దెబ్బలు తినాల్సి వచ్చేది, బతికిపోయాను. నాకు వచ్చిన పని ఒక్కటే, కిందికి వేలాడటం. ఈ మాత్రం పనికే మనుషులు నన్ను నెత్తిన పెట్టుకున్నారు.

మొదట ఎర్రయ్య మేస్త్రీ దగ్గర ఉన్నాను. ఆయన పోతూ పోతూ నన్ను తన శిష్యుడు నూకరాజు చేతిలో పెట్టాడు. నూకరాజు ముప్పై ఏళ్లు నన్ను రొంటిన దోపుకుని తిరిగాడు. పని మొదలెట్టే ముందు కళ్లకద్దుకునేవాడు. పెళ్లాన్ని కసురుకున్న రోజున కూడా నన్ను పల్లెత్తు మాట అనలేదు.

కిందటేడు అతని కళ్లకి శుక్లాల ఆపరేషన్ అయింది. ఆ తరువాత కట్టిన ప్రహరీ గోడ రెండు నెలలకే ఒరిగింది. "నీ కళ్లు పోయాయి మేస్త్రీ, ఇంటికాడ కూకో" అని కంట్రాక్టరు నలుగురిలో అనేశాడు. పునాది లోతు తగ్గించింది ఆ మహానుభావుడే. నాకు తెలుసు, చెప్పడానికి నోరేదీ? నూకరాజు ఆ మాట నమ్మేశాడు. అంతే, మళ్లీ తాపీ పట్టలేదు. నన్ను మాత్రం అలవాటు కొద్దీ రొంటినే ఉంచుకున్నాడు.

ఇంతలో కూతురు సత్యవేణి రమ్మని ఫోన్ చేసింది. అల్లుడు ధర్మారావు సైన్యంలో ఉన్నాడు; జోధ్‌పూర్‌లో క్వార్టర్స్ ఇచ్చారు. మూడు రైళ్లు మారి వెళ్లాం. సెలవు రోజున అల్లుడు మమ్మల్ని ఊరవతల ఎడారిలో ఒక ఇల్లు చూడటానికి తీసుకెళ్లాడు. పెద్ద పేరున్న ఆర్కిటెక్టు తన కోసం కట్టుకున్న ఇల్లట. ఆయన పోయాక టికెట్టు పెట్టి చూపిస్తున్నారు.

బయట నిప్పులు చెరుగుతుంటే లోపల హాయిగా, చల్లగా ఉంది. నూకరాజు ఎర్రరాతి గోడల్ని అరచేత్తో నిమురుతూ నడిచాడు. గైడు పిల్ల హిందీలో గడగడా చెప్పుకుపోతుంటే అల్లుడు తెలుగు చేస్తున్నాడు. ముందు వాకిట్లో పడమటి గోడ చూపించి, "ఇది నిట్టనిలువు గోడంట మావా" అన్నాడు.

"కాదు. పైకెల్లేకొద్దీ లోనికి వాలింది" అన్నాడు నూకరాజు.

"ఊరుకో నానా, నీ కళ్లకి అలగ కనిపిస్తంది" అంది సత్యవేణి.

కూతురు చెడ్డగా అనలేదు పాపం. కానీ నూకరాజు ముఖం మాడిపోయింది. గోడైనా వాలి ఉండాలి, కళ్లైనా పోయి ఉండాలి. ఏదో ఒకటి తేలాల్సిందే. రొంటిలోంచి నన్ను తీశాడు. అంత పేరున్న ఇంటి గోడకి తూకం పట్టే బుద్ధి మా మేస్త్రీలకి తప్ప ఇంకెవరికి పుడుతుంది చెప్పండి!

గోడ చివరికి పక్కగా వెళ్లి, రెండడుగులు వెనక్కి జరిగి, చెయ్యెత్తి దారం వదిలాడు. ఒక కన్ను మూసి చూశాడు. పైన దారం గోడ అంచుకి సరిగ్గా కలిసింది. కింద మాత్రం గోడ నాలుగు వేళ్లు బయటికి పొడుచుకొచ్చింది.

కాపలావాడు ఈల వేశాడు. "పరువు తీసేత్తన్నావు నానా!" అంది సత్యవేణి. గైడు పిల్ల పరుగున వెళ్లి భవర్‌లాల్ అనే ముసలాయన్ని తీసుకొచ్చింది. ఆ ఇల్లు కట్టిన మేస్త్రీల్లో ఆయనొకడు, ఇప్పుడు బాగోగులు చూస్తున్నాడు. నన్ను చూశాడు, గోడని చూశాడు, పకపకా నవ్వేశాడు. ఆయన చెప్పింది అల్లుడు తెలుగులో చెప్పాడు.

"ఇసక గాలికి ఆగాలని పెద్దాయన కావాలనే వాలుగా కట్టించాడంట మావా. ఇన్నాళ్లలో వట్టి కంటితో కనిపెట్టింది నువ్వొక్కడివేనంట!"

నూకరాజు నన్ను పిడికిట్లో బిగించాడు. ఈ మనిషి చేతిలో పడినందుకు నేనెంత అదృష్టవంతుణ్నో అప్పుడు తెలిసింది.

భవర్‌లాల్ అతన్ని పెరట్లోకి తీసుకెళ్లాడు. గాలివానకి కూలిన చిన్న గోడని అక్కడ మళ్లీ కడుతున్నారు. తన తాపీ నూకరాజుకిచ్చి, ఒక రాయి పెట్టమని సైగ చేశాడు. నూకరాజు సున్నం పరిచి రాయి కూర్చాడు. దారం వదిలితే గాలి నన్ను ఊపేస్తోంది.

సత్యవేణి వచ్చి ఇసకలో మోకాళ్ల మీద కూచుంది. గాలి తగలకుండా నాకు రెండు అరచేతులూ అడ్డం పెట్టింది. నేను నిలిచాను.

"సరిగ్గా ఉందా నానా? నువ్వే చెప్పాల."

నూకరాజు ఒక కన్ను మూసి చూశాడు. రాయిని వెంట్రుకవాసి లోపలికి జరిపాడు.

"ఇప్పుడుందమ్మా" అన్నాడు.